మెకాలే అనని మాట: కాలమిస్టుకు తప్పు దిద్దే ఉత్తరం రాయడం ఎలా?

"నేను భారతదేశం నలుమూలలా తిరిగాను. ఒక్క బిచ్చగాడు గానీ, ఒక్క దొంగ గానీ నాకు కనపడలేదు. ఇంతటి ఉన్నత విలువలున్న జాతి ఇది. ఈ దేశానికి వెన్నెముక లాంటి ఆధ్యాత్మిక, సాంస్కృతిక వారసత్వాన్ని విరిచేస్తే తప్ప మనం దీన్ని జయించలేం..."

ఈ మాటలు మీరూ చదివే ఉంటారు. కింద 'లార్డ్ మెకాలే, బ్రిటిష్ పార్లమెంటులో ప్రసంగం, 1835 ఫిబ్రవరి 2' అని ఉంటుంది. వాట్సాప్‌లో వస్తే చూసి వదిలేస్తాం. కానీ ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం దగ్గర పడేసరికి, మనం ఇష్టంగా చదివే కాలమ్‌లో, మనం గౌరవించే రచయిత కలం నుంచి ఇదే మాట వస్తే ఊరుకోబుద్ధి కాదు. ఎందుకంటే మన దేశంలో ఇంగ్లిష్ చదువులకు దారివేసిన బ్రిటిష్ అధికారి మెకాలే ఆ మాట అనలేదు.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. నేను చదివే ఒక కాలమ్‌లో ఈ కొటేషన్ మూడుసార్లు వచ్చింది. మొదటిసారి ఆరు ఠావుల ఉత్తరం రాశాను. బ్రిటిష్ పాలన మొత్తం అందులో ఉంది, కోపం కూడా. జవాబు లేదు. రెండోసారి పోస్టుకార్డు మీద "మీలాంటి పెద్దలు కూడా ఇలా రాస్తే ఎలా?" అని రాశాను. జవాబు లేదు. మూడోసారి ఒక్క పేజీ రాశాను. నాలుగో రోజు ఆయనే ఫోన్ చేశారు. మొదటి రెండింటిలో ఏం చెడగొట్టానో, మూడోదానిలో ఏం కుదిరిందో చెబుతాను. ఇలాంటి ఉత్తరం ఏ విషయం మీద రాయాలన్నా పనికొస్తుంది.

మొదట: ఇది ఉత్తరం రాయాల్సిన తప్పేనా?

"మెకాలే చదువులే మనల్ని గుమాస్తాలను చేశాయి" అని కాలమిస్టు రాస్తే అది అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోతే 'పాఠకుల లేఖలు' శీర్షికకు రాసుకోవచ్చు గానీ, దాన్ని తప్పు అనకూడదు. 1857 బదులు 1875 అని పడితే అది అచ్చుతప్పు. రెండు వాక్యాల మెయిల్ చాలు. మనం మాట్లాడుతున్నది మూడో రకం: అందరూ చెప్పేది, ఎక్కడిదో ఎవరూ చెప్పనిది.

దీన్ని గుర్తుపట్టడం అంత కష్టం కాదు. మాట మారదు గానీ చిరునామా మారుతుంటుంది. మెకాలే మాట ఒకచోట పార్లమెంటు ప్రసంగం, ఇంకోచోట ఉత్తరం, మరోచోట రహస్య నివేదిక. ఎక్కడా పుస్తకం పేరు ఉండదు, పేజీ నంబరు ఉండదు. పైగా చదవగానే మన గుండెకు తగిలేలా ఉంటుంది. జనగణమనను యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమ జాతీయగీతంగా ప్రకటించిందన్నదీ, 2016లో కొత్త రెండు వేల నోటులో నానో చిప్ ఉందన్నదీ ఈ కోవలోవే. చిప్ సంగతి నోటుతోపాటే పోయింది. యునెస్కో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

ఒక్కసారి వస్తే వదిలేయండి. మళ్లీ వచ్చినా, చదివేవాళ్లు ఎక్కువగా ఉన్నా రాయండి. కాలమ్‌లో వచ్చిన మాట మర్నాటికి ప్రార్థన సమావేశంలో 'నేటి సూక్తి' అవుతుంది. నా బడిలోనే అయింది.

కత్తిరించి దాచుకోండి

రాసేముందు ఆ వ్యాసాన్ని మళ్లీ చదవండి. గుర్తున్నదాన్ని బట్టి రాస్తే మీరే దొరికిపోతారు. తేదీ, పేజీ, శీర్షిక, ఆ వాక్యం ఉన్నది ఉన్నట్టుగా కాపీ చేసి పెట్టుకోండి. పేపరైతే కత్తిరించండి, ఈ-పేపరైతే స్క్రీన్‌షాట్ తీయండి. ముఖ్యంగా క్రియ ఎలా ఉందో చూడండి. "మెకాలే అన్నాడు" అని ఉందా, "అన్నాడంటారు" అని ఉందా? రెండోదైతే రచయిత ముందే ఒక అడుగు వెనక నిలబడ్డాడు. అప్పుడు ఉత్తరం సగం మెత్తబడాలి.

ఇంకొకటి. మన సంపాదక పేజీల్లో వచ్చే కాలమ్‌లు కొన్ని ఇంగ్లిష్ నుంచి అనువాదమై వస్తాయి. వ్యాసం చివర అనువాదకుడి పేరుందేమో చూడండి. మూలంలో అనుమానంగా ఉన్న వాక్యం తెలుగులోకి వచ్చేసరికి ఖాయమైపోవడం మామూలే. తప్పు అనువాదంలో పడితే ఉత్తరం రాయాల్సింది డెస్కుకు. రచయితకు కాదు.

మాటను ముక్కలు చేయండి

అసలు పని ఇక్కడుంది, తొందర పడకండి. "ఇది అబద్ధం" అనేది మీకు కలిగిన నమ్మకం మాత్రమే. ఆ వాక్యంలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నారు అనే నాలుగు ముక్కలున్నాయి. ఒక్కొక్కటీ విడిగా తడిమి చూడాలి.

*ఎక్కడున్నాడు?* థామస్ బాబింగ్టన్ మెకాలే 1834 ఫిబ్రవరిలో ఇంగ్లండులో ఓడ ఎక్కాడు. జూన్ 10న మద్రాసులో దిగాడు. అప్పటి తెరచాప ఓడలకు దాదాపు నాలుగు నెలల ప్రయాణం. గవర్నర్ జనరల్ విలియం బెంటింక్ ఆరోగ్యం కోసం ఊటీలో ఉంటే, పల్లకీలో అక్కడికి వెళ్లాడు. కొన్ని నెలలు ఉండి కలకత్తా చేరాడు. గవర్నర్ జనరల్ కౌన్సిల్లో న్యాయ సభ్యుడిగా 1838 దాకా ఇక్కడే ఉన్నాడు. అంటే 1835 ఫిబ్రవరి 2న ఆయన ఉన్నది లండన్‌లో కాదు, కలకత్తాలో. ఎనిమిది నెలల్లో చూసింది మద్రాసు, ఊటీ దారి, కలకత్తా. 'నలుమూలలా' అన్న మాట అక్కడే తేలిపోయింది.

*ఆ రోజు పార్లమెంటు ఉందా?* ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. 1834 అక్టోబరు 16న లండన్‌లో పార్లమెంటు భవనం తగలబడిపోయింది. డిసెంబరు చివర్లో సభ రద్దయింది. 1835 జనవరిలో ఎన్నికలు మొదలయ్యాయి. కొత్త సభ కొలువుదీరింది ఫిబ్రవరి 19న. అంటే ఫిబ్రవరి 2న మెకాలే లండన్‌లో ఉన్నా, ప్రసంగించడానికి సభే లేదు.

*మరి ఆ తేదీ ఎక్కడిది?* తేదీ నిజమైనదే. భారతీయుల చదువు మీద మెకాలే రాసిన ప్రసిద్ధ 'మినిట్' తేదీ సరిగ్గా 1835 ఫిబ్రవరి 2. మినిట్ అంటే ప్రసంగం కాదు, ప్రభుత్వ ఫైల్లో పెట్టే అభిప్రాయ పత్రం. 1813 చార్టర్ చట్టం చదువుల కోసం కేటాయించిన లక్ష రూపాయలను సంస్కృత, అరబీ చదువులకు ఖర్చు చేయాలా, ఇంగ్లిష్ చదువులకా అన్నది అక్కడి తగువు. బెంటింక్ ఆ మినిట్‌తో పూర్తిగా ఏకీభవిస్తున్నానని రాశాడు. మార్చి 7న ఇంగ్లిష్ చదువుల వైపు తీర్మానం జరిగింది. కట్టుకథ ఈ నిజం పత్రం నుంచి తేదీని అరువు తెచ్చుకుంది. అందుకే అంత నమ్మకంగా కనిపిస్తుంది.

*మాటలు ఆ కాలానికి అతుకుతాయా?* "జయించలేం" అంటున్నాడు. అప్పటికే జయించేశారు కదా! మన ఉత్తర సర్కారు జిల్లాలు 1760లలోనే ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. గుంటూరు 1788లో, రాయలసీమ జిల్లాలు 1800లో. ఇక "ఒక్క బిచ్చగాడూ కనపడలేదు" అన్నది చదివితే మన ప్రాంతంవాళ్లకు కడుపు మండాలి. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను డొక్కల కరువు పట్టింది. గుంటూరు, మచిలీపట్నాల నుంచి జనం మద్రాసు దారి పట్టారు, దారిలోనే లెక్కలేనంతమంది పోయారు. ఆ మరుసటేడు మెకాలే దిగింది అదే మద్రాసులో.

*ఆయన అలా అనే మనిషేనా?* అదే తేదీన అదే చేత్తో రాసిన మినిట్ చూడండి. మంచి యూరోపియన్ గ్రంథాలయంలోని ఒక్క అలమర అర, భారత, అరబీ సాహిత్యమంతటితో సమానం అన్నాడు. మన చరిత్రల్లో ముప్పై అడుగుల రాజులు, ముప్పై వేల ఏళ్ల పాలనలు ఉంటాయని, మన భూగోళంలో బెల్లపు పాకం సముద్రాలు, వెన్న సముద్రాలు ఉంటాయని వెక్కిరించాడు. తనకు సంస్కృతం గానీ అరబీ గానీ రాదని అందులోనే ఒప్పుకున్నాడు. ఈ మనిషి అదే రోజు "ఇంతటి ఉన్నత విలువలున్న జాతి" అని మనల్ని పొగిడాడంటే నమ్మేదెలా?

ఈ వేటలో దొరికే అల్లాటప్పా వివరాల జోలికి పోకండి. 1835లో మెకాలే అసలు 'లార్డ్' కాదు. ఆ బిరుదు 1857లో వచ్చింది. నేను మొదటి ఉత్తరంలో దీనికే అరపేజీ ఖర్చు పెట్టాను. చదివేవాడికి "ఈయన ఈకలు పీకే రకం" అనిపించింది ఇలాంటి చోటే అయుంటుంది.

ఆధారం ఏ మెట్టు మీదుందో చూసుకోండి

ఫలానా వెబ్‌సైట్ ఇది ఫేక్ అని తేల్చింది అని లింకు పంపితే కాలమిస్టు ఏమంటారో తెలుసా? "మీదీ ఇంటర్నెట్టే, నాదీ ఇంటర్నెట్టే." అందుకని మూలపత్రం దగ్గరికే వెళ్లండి. ఫ్యాక్ట్ చెక్‌లు దారి చూపడానికి పనికొస్తాయి. సాక్ష్యం కింద చూపించాల్సింది మాత్రం మూలాన్నే.

మెకాలే విషయంలో ఇది తేలిక. మినిట్ మొత్తం పాఠం, హెచ్. షార్ప్ సంపాదకత్వంలో 1920లో కలకత్తా ప్రభుత్వ ముద్రణాలయం అచ్చువేసిన విద్యా రికార్డుల సంకలనం మొదటి భాగంలో ఉంది. 1965లో జాతీయ అభిలేఖాగారం దాన్ని మళ్లీ ముద్రించింది. అందులో 107 నుంచి 117 దాకా చూడండి. పదకొండు పేజీలే. బ్రిటిష్ పార్లమెంటు చర్చల రికార్డు హాన్‌సార్డ్ 1803 నుంచి నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆయన ప్రయాణాల వివరాలు మేనల్లుడు ట్రెవెల్యన్ 1876లో రాసిన జీవితచరిత్రలో ఉన్నాయి. ఈ మూడూ ఇంట్లో కూర్చునే చూడొచ్చు.

అయితే మూలాన్ని చదివేటప్పుడు మీ మీద మీకు అనుమానం ఉండాలి. నా మూడో ఉత్తరం చిత్తుప్రతిలో "మెకాలే మన తెలుగును కూడా మొరటు భాష అన్నాడు" అని రాసేశాను. బాగా పండే వాక్యం. ఎందుకో అనుమానమొచ్చి మళ్లీ చూస్తే, సాహిత్య, శాస్త్ర సమాచారం లేని మొరటు మాండలికాలని అతను అన్నది 'దేశంలోని ఈ ప్రాంతపు' భాషల గురించి. అంటే కలకత్తా చుట్టుపక్కలవి. తెలుగు ఊసే లేదు. ఒక కట్టుకథను దిద్దబోయి ఇంకోటి పుట్టించేవాణ్ణి. పోస్టు చేసేముందు మీ ఉత్తరంలో మీకు బాగా నచ్చిన వాక్యం ఏదో చూసి, దాన్ని మాత్రం రెండోసారి సరిచూసుకోండి. తప్పులు దాక్కునేది అక్కడే.

తీసేసినచోట ఏదైనా పెట్టండి

నా మొదటి రెండు ఉత్తరాలు ఎందుకు పోయాయో ఇప్పుడు తెలుస్తోంది. కాలమిస్టు ఆ కొటేషన్ మీద వ్యాసం మొత్తం నిలబెట్టాడు. నేను వెళ్లి ఆ స్తంభం లాగేశాను. ఇల్లు కూలుతుంటే ఎవరైనా థాంక్స్ చెబుతారా?

నిజానికి ఆయన వాదానికి ఆ అబద్ధం అవసరమే లేదు. "మన చదువులు మనల్ని మనకు పరాయి చేశాయి" అని చెప్పాలంటే, మినిట్‌లోని అసలు వాక్యం కావాల్సినంత పదునుగా ఉంది: రక్తంలో, రంగులో భారతీయులు, అభిరుచిలో, అభిప్రాయాల్లో, నీతిలో, బుద్ధిలో ఆంగ్లేయులు అయిన ఒక వర్గాన్ని తయారుచేయాలి. ఇది ఆయన రాసిందే, ఎవరూ కాదనలేరు. ఇంకా కావాలంటే 1836 అక్టోబరు 12న కలకత్తా నుంచి తండ్రికి రాసిన ఉత్తరం ఉంది. తమ విద్యా పథకం ఇలాగే సాగితే ముప్పై ఏళ్లలో బెంగాల్ పెద్ద కుటుంబాల్లో విగ్రహారాధకుడు ఒక్కడూ మిగలడని అందులో రాశాడు. కట్టుకథలో మెకాలే మనల్ని పొగిడి కుట్ర చేస్తాడు. అసలు మెకాలే అయితే మనల్ని ఈసడించుకుని, ఆ ఈసడింపునే సర్కారీ విధానం చేశాడు. కాలమిస్టుకు పనికొచ్చేవాడు ఈ రెండోవాడే కదా! ఆ సంగతి మీ ఉత్తరంలో ఉండాలి.

న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి. ఆ ఇంగ్లిష్ చదువుకున్న వర్గమే దేశభాషలను మెరుగుపరచి, శాస్త్ర పరిభాషను చేర్చి, జనానికి విజ్ఞానం అందించాలని మినిట్‌లోని తరువాతి వాక్యం. ఇది కాలమిస్టు వాదానికి కొంచెం అడ్డే. దాచకండి, అలాగని ఉత్తరంలో దీన్ని పెద్దదీ చేయకండి. పేజీ నంబరు ఇస్తున్నాం, ఆయనే చదువుకుంటారు.

అన్ని కథలకూ ఈ వెసులుబాటు ఉండదు. 'అంతరిక్షంలో రాయడానికి నాసా కోట్లు పోసి పెన్ను కనిపెట్టింది, రష్యావాళ్లు పెన్సిల్ వాడారు' అన్న కథ తీసుకోండి. నిజానికి మొదట్లో రెండు దేశాలవాళ్లూ పెన్సిళ్లే వాడారు. విరిగిన ముల్లు గాల్లో తేలుతూ పరికరాల్లోకి పోతుందని భయం. పాల్ ఫిషర్ అనే పెన్నుల తయారీదారు సొంత డబ్బుతో ఆ పెన్ను చేసి, 1965లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. నాసా పరీక్షలు చేసి కొన్నది. 1969లో సోవియట్‌వాళ్లూ అవే పెన్నులు కొన్నారు. ఇక్కడ నిజం చెబితే 'తెలివైన సాదాతనం' అన్న నీతే కూలిపోతుంది. అలాంటప్పుడు వ్యాసానికి ప్రత్యామ్నాయం వెతకడం మన వల్ల కాదు. సంగతి రెండు ముక్కల్లో చెప్పి, నిజం కథ కూడా సరదాగానే ఉందని ఆయనకే వదిలేయాలి.

ఉత్తరం

ఒక పేజీ. ఒకే ఒక తప్పు. ఆ వ్యాసంలో ఇంకో మూడు తప్పులు కనిపించినా సరే, ఈసారికి మింగేయండి. దొరికిన ఐదు ఆధారాల్లో రెండే పెట్టండి. ఐదు నిమిషాల్లో సరిచూసుకోగలిగినవి ఎంచుకోండి. నేను ఎంచుకున్నవి: ఆ రోజు ఆయన కలకత్తాలో ఉన్నాడు, ఆ రోజు పార్లమెంటు లేదు. డొక్కల కరువు నాకు ఎంతో ఇష్టమైన వాదన. అయినా పక్కన పెట్టాను. అది చర్చకు దారితీస్తుంది, తేదీలు దారితీయవు.

వాక్యానికి కర్త ఎవరో చూసుకోండి. "మీరు తప్పు రాశారు" అంటే కర్త ఆయన. "ఈ వాక్యం మెకాలేది కాదు" అంటే కర్త వాక్యం. ఈ ఒక్క మార్పుకే ఉత్తరం సగం చల్లబడుతుంది. "మీలాంటి పెద్దలు కూడా", "కనీసం చూసుకోకుండా", "పాఠకులను తప్పుదోవ పట్టించి" లాంటివి తీసేయండి. అలాగని పొగడ్తలూ పొయ్యకండి. 'మీ కలానికి నా శతకోటి వందనాలు' అని మొదలుపెట్టి తప్పు చూపిస్తే వెటకారంలా ఉంటుంది. ఆ వ్యాసంలో మీకు నిజంగా నచ్చిన విషయం ఒకటుంటే చెప్పండి, లేకపోతే నేరుగా విషయంలోకి వెళ్లండి. నేను పంపిన ఉత్తరం దాదాపు ఇలా ఉంది:

> గౌరవనీయులైన కాలమిస్టు గారికి,
> నమస్కారం.
>
> ఆగస్టు 29 నాటి మీ వ్యాసంలో మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి రాసిన భాగం, ఉపాధ్యాయుడిగా పనిచేసిన నాకు బాగా నచ్చింది. అందులో ఉన్న ఒక కొటేషన్ గురించి ఈ ఉత్తరం.
>
> "నేను భారతదేశం నలుమూలలా తిరిగాను..." అన్న మాటలు 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో మెకాలే అన్నవిగా ప్రచారంలో ఉన్నాయి. చాలాకాలం నేనూ నమ్మాను, పిల్లలకు చెప్పాను కూడా. అయితే ఆ వాక్యం ఆయనది కాదు. 1834 జూన్ నుంచి ఆయన భారతదేశంలోనే ఉన్నాడు, ఆ తేదీన కలకత్తాలో ఉన్నాడు. పైగా 1834 డిసెంబరులో రద్దయిన పార్లమెంటు మళ్లీ సమావేశమైంది 1835 ఫిబ్రవరి 19న. హాన్‌సార్డ్‌లో చూడవచ్చు.
>
> ఆ తేదీన ఆయన రాసింది విద్యపై మినిట్. రక్తంలో, రంగులో భారతీయులు, అభిరుచిలో, బుద్ధిలో ఆంగ్లేయులు అయిన వర్గాన్ని తయారుచేయాలన్న మాట అందులోనిదే. మీ వాదానికి ఇది ఇంకా బాగా సరిపోతుందని నా అభిప్రాయం. షార్ప్ సంకలనం మొదటి భాగం, 107–117 పేజీల్లో పూర్తి పాఠం ఉంది. ఆ పేజీ ఫోటో ఒకటి జతచేస్తున్నాను.
>
> మీకు వీలైతే, తరువాత ఈ విషయం రాసేటప్పుడు అసలు వాక్యాన్ని వాడగలరని ఆశిస్తాను.
>
> ఇట్లు,
> (పేరు, ఊరు, ఫోన్ నంబరు)

"నేనూ నమ్మాను" అన్న వాక్యం గమనించండి. అది మర్యాద కోసం రాసింది కాదు, నిజం. ఏళ్లపాటు తొమ్మిదో తరగతి పిల్లలకు నేనే చెప్పాను. మీ విషయంలో అది నిజం కాకపోతే రాయకండి.

'సవరణ వేయండి' అని అడగలేదని కూడా గమనించండి. కొందరు అడగాలంటారు. మొదటి ఉత్తరంలో అడగకపోవడమే మంచిదని నాకు అనిపిస్తుంది. అడిగితే ఆయన ఎడిటర్‌తో మాట్లాడాలి, డెస్కుతో మాట్లాడాలి, అదో తలనొప్పి. అడగకపోతే వచ్చే వారం కాలమ్ చివర రెండు వాక్యాలు ఆయనే రాసుకోగలరు. అది ఆయన చేతిలో పని.

ఎవరికి, ఎలా పంపాలి

ముందు రచయితకే, నేరుగా. కాలమ్ కింద మెయిల్ ఐడీ ఉంటే అదే. లేకపోతే పత్రిక చిరునామాకు, కవరు మీద కాలమ్ పేరు రాసి పంపండి. ఎడిటర్‌కు కాపీ పెట్టకండి. కాపీ పెట్టిన ఉత్తరం ఫిర్యాదులా కనిపిస్తుంది. ఫేస్‌బుక్‌లో ముందు పెట్టేసి తరువాత ఉత్తరం పంపితే ఇక అంతే. పదిమందిలో దొరికిన మనిషి ఒప్పుకోవడం కంటే సమర్థించుకోవడానికే చూస్తాడు. మనమైనా అంతే.

మెయిల్ అయితే యూనికోడ్‌లో కొట్టండి. అను ఫాంటులో కొట్టి అతికిస్తే అవతలివైపు గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. పెద్దపెద్ద పీడీఎఫ్‌లు వద్దు. కావాల్సిన పేజీ ఫోటో ఒకటి, ఆ వాక్యం కింద గీత గీసి. వ్యాసం వచ్చిన రెండు మూడు రోజుల్లోనే పంపాలి. వారం దాటితే ఆయన ఇంకో విషయంలో మునిగిపోతారు.

మూడు వారాలు చూసి, జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ లేకపోతే, అదే ఉత్తరాన్ని కుదించి ఎడిటర్‌కు, లేఖల శీర్షికకు పంపవచ్చు. కొన్ని పత్రికల్లో పాఠకుల ఫిర్యాదులు చూడటానికి ప్రత్యేకంగా ఒకరుంటారు. 'ది హిందూ' 2006లో రీడర్స్ ఎడిటర్‌ను నియమించింది. మన తెలుగు పేపర్లకు మాత్రం మామూలుగా ఎడిటరే గతి. ప్రెస్ కౌన్సిల్ దాకా వెళతానని ఒక మిత్రుడు అన్నాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకని ఆపాను.

వచ్చే జవాబులు

"భావం ముఖ్యం కదండీ" అన్నది ఎక్కువగా వచ్చేది. దీనికి కోప్పడకండి. "భావం మీది, బాగుంది. కింద సంతకం మాత్రం మెకాలేది" అనండి. ఆ మాటలు ఎవరివీ కావని ఒప్పుకుని, అదే భావాన్ని సొంత మాటగా రాయడానికి ఆయనకు అడ్డేముంది?

"ఫలానా పెద్దాయన సభలో చెప్పారు, ఫలానా పుస్తకంలో ఉంది" అంటే, ఆ పుస్తకం ఎక్కడి నుంచి తీసుకుందో చూడమని అడగండి. ఒకరి నుంచి ఒకరు తీసుకున్న పదిమంది సాక్షులు కలిపి ఒక్క సాక్షే. "కాదని మీరు రుజువు చేయండి" అంటే, తేదీలు ఇచ్చాం కదా అని గుర్తుచేసి, ఉందన్నవాళ్లు సంపుటం, పేజీ చూపాలని మెల్లగా చెప్పండి. "ప్రసంగం కాకపోతే ఉత్తరం అయుంటుంది" అంటారు కొందరు. అప్పుడు ఎవరికి రాసిందో అడిగి ఆగిపోండి. ఇది ఎక్కడ పుట్టింది, ఎవరు పుట్టించారు అన్న చర్చలోకి మాత్రం దిగకండి. అది తేల్చాల్సిన బాధ్యత మీది కాదు. దిగితే మాట రాజకీయాల్లోకి జారి, అసలు సంగతి మూలన పడుతుంది.

మొండిగా ఒప్పుకోకపోతే వదిలేయండి. ఉత్తరం నకలు, కత్తిరింపు, పేజీ ఫోటో ఒక ఫైల్లో పెట్టుకోండి. వచ్చే ఏడు మళ్లీ కావాలి. నా ఫైలును ఇప్పటికి ఇద్దరు మాస్టార్లు అడిగి తీసుకెళ్లారు.

నాకు ఫోన్ చేసిన కాలమిస్టు మొదట అడిగింది తేదీల గురించి కాదు. "మాస్టారూ, తండ్రికి రాసిన ఉత్తరం ఒకటుందట కదా, అది దొరుకుతుందా?" అని. నేను దాని సంగతి రాయనేలేదు. నేను పంపిన పేజీ పట్టుకుని ఆయనే వెతుక్కుంటూ అక్కడిదాకా వెళ్లారు. ట్రెవెల్యన్ పుస్తకంలోని ఆ పేజీ ఫోటో తీసి పంపాను. మూడు వారాల తరువాత కాలమ్ చివర 'ఒక పాఠకుడు గుర్తుచేసినట్టు' అని నాలుగు వరసలు వచ్చాయి. నా పేరు వేయలేదు, నేనూ అడగలేదు.

మరుసటేడు ఆగస్టు 29న కాలమ్‌లో అసలు మినిట్ వాక్యమే వచ్చింది. కాకపోతే తేదీ దగ్గర 1835 కాస్తా 1853 అయింది. అచ్చుతప్పు. రెండు వాక్యాల మెయిల్ పంపాను.